బున్మా పిన్ని మూడు చిప్పలు

సముద్రానికి ఇంకా ఉప్పు సరిగ్గా పట్టని రోజుల్లో, థాయి దేశపు నీళ్లలో ఒక బుల్లి దీవి ఉండేది. ఎంత బుల్లిదంటే, పొయ్యి మీద ఎసరు పెట్టి దీవి చుట్టూ తిరిగొచ్చేసరికి నీళ్లు మరిగేవి. ఆ దీవిలో, ఇసక ఒడ్డున, కొబ్బరాకుల పాకలో బున్మా అనే ఆవిడ వంట చేసేది. మొగుడు లేడు, పిల్లలు లేరు, పొలం లేదు. ఉన్నవల్లా ఒక పొయ్యి, ఒక కుండ, ఒక గరిటె. దీవిలో అందరికీ ఆవిడ పిన్నే.

ఆవిడ చేపల చారు కాస్తే నిమ్మగడ్డి వాసన పడవల దాకా వెళ్లేది. వలలు లాగేవాళ్లు సగంలో వదిలేసి వచ్చేవారు. తిన్నవాళ్లు "ఆహా!" అనేవారు. ఆ ఒక్క మాట కోసమే బున్మా రోజూ తెల్లారకుండా లేచేది.

ఒక వానాకాలం ఆవిడకి జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ నోటి రుచిని కూడా పట్టుకుపోయింది. జ్వరమొస్తే నోరు చచ్చిపోవడం మనకీ తెలిసిందే, నాలుగు రోజుల్లో మళ్లీ వస్తుంది. ఆవిడకి రాలేదు. ఉప్పు వేసుకుంది, ఇసకలా ఉంది. నిమ్మకాయ పిండుకుంది, నీళ్లలా ఉంది. తాటిబెల్లం చప్పరించింది, మట్టిబెడ్డలా ఉంది. బున్మాకి బెంగ పట్టుకుంది. రుచి తెలియని వంటమనిషి దగ్గరికి ఎవరొస్తారు? ఎవరూ రాకపోతే తను ఎవరికి పిన్ని? పాపం, ఎవరికీ చెప్పకుండా గరిటె పట్టుకుంది.

మొదటిరోజు చారు ఉప్పు కషాయం. రెండోరోజు పళ్లు జివ్వుమనే పులుపు. మూడోరోజు తీపి. చేపలతో పాయసం, ఊహించుకోండి! అయినా ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఆ దీవివాళ్లు అన్నం పెట్టిన చేతిని తప్పు పట్టరు. తలొంచుకుని మింగేసి, చాటుకి వెళ్లి చెంబుడు నీళ్లు తాగారు. "ఆహా" మాత్రం ఒక్క నోటా రాలేదు. బున్మాకి విషయం అర్థమైంది. ఆ సాయంత్రం పొయ్యిలో నీళ్లు పోసేసింది.

మరి ఊరివాళ్లేమనుకున్నారు? పిన్నికి మన మీద కోపమొచ్చిందనుకున్నారు! గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరి తప్పు వాళ్లకి గుర్తొచ్చింది. మర్నాడు పొద్దున్నే పాక ముందు చేరారు.

"పిన్నీ, నీ పాక కప్పు బాగుచేస్తానని ఏడాదిగా తిప్పుతున్నాను. ఆ ఉప్పు నాకే కదా?" అన్నాడు జాలరి తొంగ్.

"పులుపు నాకు పిన్నీ. నీ కోడిపెట్టని నాదేనని దబాయించాను," అంది పక్కింటి లమై.

"తీపి నాకేలే బున్మా," అన్నాడు పడవలు చేసే ముసలి సోమ్. "నీ చారు కన్నా మా అమ్మ చారే తియ్యగా ఉండేదన్నాను. విన్నావన్నమాట!"

బున్మాకి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. "కోపం కాదర్రా! నా నోరు చచ్చిపోయింది. ఏం వేస్తున్నానో నాకే తెలియడం లేదు. ఇంక నేను వండలేను."

"ఓస్, ఇంతేనా!" తొంగ్ ఇసకలో చతికిలబడిపోయాడు. "మమ్మల్ని వద్దనుకున్నావేమోనని హడలి చచ్చాం కదే పిన్నీ!"

"నీ చేతులకేం కాలేదుగా," అంది లమై. "నువ్వు వండు. నాలుకలు మాకున్నాయి."

బున్మా మళ్లీ పొయ్యి వెలిగించింది. ఉప్పు వెయ్యలేదు, పులుపు పిండలేదు, తీపి కలపలేదు. మూడు కొబ్బరిచిప్పలు మధ్యలో పెట్టింది. ఒకదాంట్లో చేపలు ఊరిన ఉప్పునీరు, ఒకదాంట్లో మిరపకాయలు నానిన పుల్లనీళ్లు, ఒకదాంట్లో తాటిబెల్లం పొడి. "మిగతా వంట మీరు చేసుకోండర్రా," అంది. ఎవరి నోటికి తగ్గట్టు వాళ్లు కలుపుకున్నారు. "ఆహా!" అన్నారు. ఎవరిది వాళ్లకే గొప్ప.

బున్మా కూడా తన గిన్నెలో మూడూ కలుపుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. "ఎలా ఉందిరా?" అని తొంగ్‌ని అడిగింది.

తొంగ్ ఆవిడ గిన్నెలోంచే ఒక గుక్క తాగాడు. "ముందు పులుపు తగిలింది పిన్నీ. వెనకాలే కారం. చివర్లో రవ్వంత తీపి."

బున్మా కళ్లు మూసుకుని మింగింది. "బాగుంది," అంది. ఎన్నాళ్లకో కడుపునిండా తింది. ఆ రోజు నుంచి ఆవిడ బతికినన్నాళ్లూ, ఎవరో ఒకరు పక్కన కూర్చుని రుచి చెప్పేవారు, ఆవిడ తినేది.

ఒకనాడు బున్మా బాగా ముసలిదై కన్నుమూసింది. మర్నాడు లమై వండింది. అందరూ కూర్చున్నారు, ఎవరికీ ముద్ద దిగలేదు. అప్పుడు తొంగ్ ఒక ముద్ద తిని, పొయ్యి వైపు తిరిగి గట్టిగా చెప్పాడు: "ఉప్పు సరిపోయింది పిన్నీ. పులుపు కొంచెం తగ్గింది." లమై ఏడుస్తూనే నవ్వేసింది. అందరికీ ఆకలేసింది.

ఇప్పటికీ ఆ దీవిలో ఎక్కడ తిన్నా మధ్యలో మూడు చిప్పలుంటాయట. మీరు ఉప్పు కలుపుకుంటే వండినమ్మ చిన్నబుచ్చుకోదు. మొదటి ముద్ద తినగానే ఎవరో ఒకరు రుచి పైకి చెబుతారు. ఒక్కడే కూర్చుని తినేవాడు కూడా చెబుతాడు. ఎవరికి చెబుతున్నావయ్యా అని కొత్తవాళ్లు అడిగితే, "పిన్ని ఇంకా తినలేదు," అంటాడు.

కథ ఒడ్డుకి, మనం కంచాల దగ్గరికి.