రాజముద్రకు బోణీ

మా వీరమల్ల మహారాజుకు ఒకనాడు కొత్త సరదా పుట్టింది. తన ముద్ర వేసిన రాగిబిళ్ళ చూపిస్తే చాలు, ఊళ్ళో ఏ వర్తకుడైనా సరుకు ఇచ్చెయ్యాలి, డబ్బు తర్వాత బొక్కసం నుంచి పుచ్చుకోవాలి. ఆ ఉపాయం చెప్పిన మహానుభావుణ్ణి నేనే. కొలువులో హాస్యగాణ్ణి, పేరు ఓబళయ్య. నా నోరు ఊరికే ఉండదు కదా.

అది చెల్లదన్నాడు బొక్కసం చూసే కామప్ప. ఆయనకు తన చేతి మీద మహా గురి. తాను మట్టి పట్టుకున్నా బంగారమేనని ఊరంతా చెప్పుకుని తిరుగుతాడు.

రాజుగారు పందెం పెట్టారు. మర్నాడు కొలువు మొదలయ్యేలోగా నేను బిళ్ళ చూపించి బెల్లం గవ్వలు తేవాలి. దగ్గర కాసు ఉండకూడదు, ఎవర్నీ ఇమ్మని అడగకూడదు. తేలేకపోతే నా ఉద్యోగం కామప్ప బావమరిదికి.

తెల్లవారగానే తలపాగా సవరించుకుని బజారుకు బయల్దేరాను. నా ఓటమి కళ్ళారా చూద్దామని కామప్ప వెనకే వచ్చాడు.

మిఠాయిల గవరమ్మవ్వ అప్పుడే కొట్టు తెరిచి దీపం పెడుతోంది. రాజ్యం గెలిచినవాడిలా బిళ్ళ తీసి చూపించాను. అవ్వ దాన్ని కళ్ళకద్దుకుని తిరిగి నా చేతిలోనే పెట్టింది.

"రాజుగారి ముద్ర నెత్తిన పెట్టుకుంటా నాయనా. కానీ ఇంకా బోణీ కాలేదు. తొలిబేరమే అప్పు పెడితే సాయంత్రం దాకా ఈగలు తోలుకోవాలి. ఎండెక్కాక రా."

పక్క కొట్లోనూ అదే మాట. ఆ పక్కవాడు బిళ్ళ చూడకుండానే చెప్పాడు. పుట్టి బుద్ధెరిగాక ఈ బజార్లోనే తిరుగుతూ, బోణీ సంగతే మరిచిపోయిన నా తెలివికి నాకే ముచ్చటేసింది. ఎండెక్కేసరికి కొలువూ మొదలవుతుంది, నా కొలువూ పోతుంది. మా ఆవిడకు ఏం చెప్పాలో అప్పుడే వల్లెవేసుకోవడం మొదలుపెట్టాను. కామప్ప తాపీగా మీసం దువ్వుకుంటున్నాడు.

ఆ మీసం చూడగానే బుర్ర వెలిగింది. అవ్వ కొట్టుకు తిరిగొచ్చి కాస్త గట్టిగానే అన్నాను.

"బోణీకి అందరి చెయ్యీ పనికిరాదులే అవ్వా. కామప్పగారి చెయ్యి మంచిదంటారు గానీ, ఆయన బోణీ చేసిన కొట్టు నిరుడు మూతపడిందట."

కామప్ప ముఖం కందగడ్డయింది. ఎవడన్నాడో చెప్పమని నా మీదికొచ్చాడు. నేను అవ్వ చాటుకు తప్పుకున్నాను. ఆయన మొలసంచిలోంచి కాసు తీసి అవ్వ చేతిలో పెట్టాడు.

"ఇదిగో బోణీ. సాయంత్రానికి నీ కొట్టు ఖాళీ కాకపోతే నా పేరు కామప్ప కాదు."

అవ్వ కాసు కళ్ళకద్దుకుని పెట్టెలో వేసింది. ఆయనకు గవ్వలు పొట్లం కట్టిచ్చి, నావైపు చెయ్యి చాచింది.

"ఏదీ నాయనా, ఆ బిళ్ళ?"

కొలువులో సంగతి విని రాజుగారు పడీపడీ నవ్వారు. కామప్ప తన పొట్లం ఎక్కడ దాచుకోవాలో తెలియక నిలబడ్డాడు. ఇకమీదట తన ముద్ర చెల్లని చోట ఏం చెయ్యాలో చెప్పమన్నారు రాజుగారు.

"ముందు కామప్పగారిని పంపండి ప్రభూ, వెనక ముద్రను పంపండి."

రాజుగారు మెచ్చుకుని, బహుమానంగా ఇంకో రాగిబిళ్ళ నా చేతిలో పెట్టబోయారు. దాంతో ఏ కొట్లోనైనా నచ్చింది తీసుకోమన్నారు. నేను రెండడుగులు వెనక్కి వేసి దణ్ణం పెట్టాను.

"క్షమించండి మహాప్రభో. నాకు మాత్రం నగదే ఇప్పించండి."

సభంతా గొల్లుమంది. రాజుగారు నవ్వుతూనే సైగ చేస్తే, కామప్ప బొక్కసంలోంచి నగదు సంచి తెచ్చి స్వయంగా నా చేతికిచ్చాడు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆయన చెయ్యి మంచిదే.