అలిగి కొన్న మదర్‌బోర్డు

తెనాలిలో హైమ, సుభాషిణి అని ఇద్దరు అక్కాచెల్లెళ్ళు ఉండేవారు, మంచివాళ్ళే కాని అలిగారంటే రోజుల తరబడి మాట్లాడుకునేవారు కాదు. ఇంట్లోనే కంప్యూటర్ పెట్టుకుని పుస్తకాలకు పేజీలు కూర్చడం వాళ్ళ పని.

ఒకసారి పక్క వీధి బడి పిల్లలు గీసిన బొమ్మలతో ఒక పుస్తకం చేసే పని వచ్చింది. వార్షికోత్సవం నాటికి ఇవ్వాలి. పని సగంలో ఉండగా సుభాషిణి వేసిన అట్ట చూసి, "వెలిసిపోయిన చీరలా ఉంది" అంది హైమ. సుభాషిణికి కోపం వచ్చింది. మాటా మాటా పెరిగింది. ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు.

సరిగ్గా అప్పుడే పాత కంప్యూటర్ పాడైంది. డిస్కులో బొమ్మలు మాత్రం క్షేమంగా ఉన్నాయి. కొత్త కంప్యూటర్‌ని తామే బిగించుకుందామనుకున్నారు. భాగాలన్నీ కలిపే మదర్‌బోర్డు సంగతి నేను చూస్తానని హైమ, దానికి కరెంటు అందించే పవర్ సప్లై నేను తెస్తానని సుభాషిణి అమ్మతో చెప్పి ఊరుకున్నారు.

హైమ షాపుకు వెళ్ళి మంచి మదర్‌బోర్డు ఎంచుకుంది.

"ఇది కొత్త రకమండీ. పన్నెండు వోల్టులు మాత్రమే ఇచ్చే పవర్ సప్లై కావాలి. మామూలుది దీనికి పనికిరాదు" అన్నాడు షాపతను.

"అది మా చెల్లెలు తెస్తోంది."

"అయితే ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి."

హైమ ఫోన్ తీసింది. చెల్లెలి పేరు దాకా వచ్చి ఆగింది. 'ముందు నేనెందుకు మాట్లాడాలి?' అనుకుని ఫోన్ సంచిలో వేసుకుంది.

శనివారం సాయంత్రం ఇద్దరూ మౌనంగా బిగించడం మొదలుపెట్టారు. సుభాషిణి తెచ్చిన పవర్ సప్లై కూడా మేలైనదే. కాని దాని ప్లగ్గు వెడల్పుగా ఉంది, బోర్డు మీది సాకెట్టు చిన్నదిగా ఉంది.

"ఇది పట్టదేంటక్కా?" అంది సుభాషిణి, అలక మరిచిపోయి.

హైమ ముఖం వాడిపోయింది. "షాపతను చెప్పాడే. నీకు చెప్పమన్నాడు కూడా. నేనే చెప్పలేదు."

సుభాషిణి ప్లగ్గు పక్కన పెట్టింది. "నాకూ అనుమానం వచ్చింది. ఏ బోర్డు తెస్తున్నావని అడుగుదామనుకున్నాను. నువ్వు పక్క గదిలోనే ఉన్నావు. అయినా అడగలేదు" అంది.

మర్నాడు ఆదివారం, షాపు తెరవలేదు. సోమవారం వార్షికోత్సవం పుస్తకం లేకుండానే జరిగిపోయింది. తమ బొమ్మలు చూపిద్దామని అమ్మమ్మల్నీ తాతయ్యల్నీ వెంటబెట్టుకొచ్చిన పిల్లలు ఉత్త చేతులతో తిరిగివెళ్ళారు. "నా బొమ్మ బాగాలేదనా టీచర్, అచ్చు వెయ్యలేదు?" అని ఒక పాప ఏడ్చిందట. అది విని అక్కాచెల్లెళ్ళకు ఆ రోజు అన్నం సయించలేదు.

మర్నాడు ఇద్దరూ కలిసి షాపుకు వెళ్ళి, బోర్డుకు సరిపడే పవర్ సప్లై మార్చుకున్నారు. పుస్తకం పూర్తిచేసి, అచ్చు వేయించి తామే బడికి తీసుకువెళ్ళారు. "మీ బొమ్మలు చాలా బాగున్నాయి. ఆలస్యం మా తప్పు వల్ల జరిగింది" అని పిల్లలందరి ముందూ ఒప్పుకున్నారు. పిల్లలు ఎవరి పేజీ వాళ్ళు వెతుక్కునే సందడిలో పడ్డారు. కాని అమ్మమ్మలూ తాతయ్యలూ ఎవరూ ఆ రోజు అక్కడ లేరు.

తర్వాత కూడా అక్కాచెల్లెళ్ళు పోట్లాడుకునేవారు. అయినా పని మాట దగ్గర మాత్రం ఎన్నడూ మౌనం పట్టలేదు.

నీతి: ఎంత అలిగినా, అవసరమైన మాట చెప్పడం మానకూడదు, మన పంతం వల్ల మనల్ని నమ్ముకున్నవాళ్ళు కూడా నష్టపోతారు.