తోకకప్ప మల్లన్న కొండ

పూర్వం ఎర్రగట్టుసీమను వెన్నమరాజు అనే ధర్మశీలుడు పాలించే కాలంలో, ఆషాఢం గడిచినా వానలు లేక పైరులు మాడిపోగా, కొండమీద శివలింగాన్ని ప్రతిష్ఠించి అభిషేకం చేస్తే వరుణుడు కరుణిస్తాడని పురోహితులు సెలవిచ్చారు. దగ్గరలో మిగిలిన నీరల్లా అక్కడి రాతిదొనలోనిదే. ముహూర్తవేళ రాణి సూరమాంబ స్వహస్తాలతో నీరు ముంచబోయి, లోపలికి చూసి, కలశాన్ని గట్టున పెట్టేసింది.

"ఇందులో పసివాళ్ళున్నారు. నేను ముంచను," అన్నది.

పురోహితుడు సోమయాజి తొంగిచూసి, "చిన్నచేపల కోసం లోకం ఎండిపోవాలా తల్లీ?" అన్నాడు.

"చేపలు కావండీ, తోకకప్పలు. వెనకకాళ్ళు వచ్చాయి, ముందుకాళ్ళు ఇంకా రాలేదు. నీళ్ళు తోడితే ఎక్కడికి పోతాయి?"

"ముహూర్తం దాటితే శివుడు ఆగుతాడా?" అని రాజు విసుక్కున్నాడు.

"బిడ్డలు ఎదిగేదాకా ఆగమంటే కాదనేవాడైతే ఆయన్ను తండ్రీ అని ఎందుకు పిలుస్తున్నాం?"

ఆ మాటతో రాజు వెనక్కి తగ్గాడు. ముహూర్తం దాటిపోయింది. రైతులు గొణుక్కుంటూ కొండ దిగిపోయారు. రాణి మాత్రం దొనపై తాటాకుల పందిరి వేయించి, దూరం నుంచి మోసుకొచ్చే తన వంతు మంచినీళ్ళలో సగం రోజూ అందులో పోస్తూ అక్కడే ఉండిపోయింది. పెదవులు ఎండిన భార్యను చూడలేక, కొన్నాళ్ళకు రాజూ తన చెంబుతో పక్కన వచ్చి కూర్చున్నాడు.

ఒక ఉదయం తోకలు కరిగి, నాలుగుకాళ్ళూ మొలిచిన ఆ చిట్టికప్పలు బిలబిలమంటూ గట్టెక్కి, గంతులు వేస్తూ పోయి లింగాన్నంతా కప్పేశాయి. అది చూసి ఎక్కడెక్కడి రాళ్ళసందుల్లోంచో పెద్దకప్పలు బెకబెకమని గొంతెత్తాయి. ఉరుము ఉరిమింది. కలశంతో పనిలేకుండా కుంభవృష్టి తానే స్వామికి అభిషేకం చేసింది. రాజదంపతులు చిన్నపిల్లల్లా బురదలో చిందులు వేస్తూంటే, సోమయాజి ఉత్తరీయం నడుముకు బిగించి తానూ కలిశాడు.

ఆయన స్వామికి, పసికూనల దేవుడనే అర్థంలో, డింభేశ్వరుడని సంస్కృతనామం పెట్టాడు. అది నోరు తిరగని జనం తోకకప్ప మల్లన్న అన్నారు. ఆ పేరే నిలిచింది. తర్వాత అక్కడ కట్టిన గుడికి నేటికీ పైకప్పు లేదు. ఏటా తొలివాన పడగానే ఊరంతా కొండెక్కి, తడుస్తూ, పిల్లలతోబాటు పెద్దలూ కప్పగంతులు వేస్తూ ప్రదక్షిణం చేస్తారు.