సోములు చెవిలో మాట

అడవిలో దున్నలు ఎక్కువ, ఊళ్ళో మనుషులు తక్కువ అయిన కాలంలో, కొండల నడుమ ఎనుములగొంది అని ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో సోములు అని ఒకడుండేవాడు.

ఈ కథ చెప్పే అర్హత నాకు లేదు. తుపాకి సంగతి అటుంచండి, సీమటపాకాయ అంటించి నేను పరిగెత్తే పరుగు చూసి మా ఇంటిదే సిగ్గుతో తలుపేసుకుంటుంది. పైగా ఈ కథలో డప్పు కొట్టినవాడు మా తాతల తాత. ఆయన ఘనకార్యం ముందుకొస్తుంది, వినండి.

ఆ రోజుల్లో తుపాకులు మనిషంత పొడుగు. నొక్కితే పేలేవి కావు. గొట్టం మూతిలోంచి మందు పోయాలి. మందు మీద పీచు కూరాలి. పీచు మీద సీసపు గుండు వెయ్యాలి. అప్పుడు పొడుగాటి కర్ర ఒకటి లోపలికి దించి, అన్నిటినీ గట్టిగా దట్టించాలి. దాన్ని కూరుడు కర్ర అనేవారు. దట్టించాక కర్ర బయటికి తీసి, అప్పుడు వత్తి ముట్టించాలి. తియ్యకుండా పేలిస్తే కర్రే ఎగిరిపోతుంది, గురి గాలికి పోతుంది.

అందుకని వేటలో పేల్చేవాడొకడు, దట్టించేవాడొకడు. పేల్చేవాడు జోగన్న. దట్టించేవాడు సోములు. జోగన్న చెల్లెలు పోలమ్మే సోములు పెళ్ళాం. దున్న పడితే పేరు జోగన్నది, కొమ్ములు జోగన్న గుమ్మానికి. సోములుకు చేతులనిండా మసి. ఆ మసి చేతులు చూపించి "మా బావ పేల్చాడు" అని ఊరంతా తిరిగి మురిసిపోయేవాడు.

ఒక ఏడు వేట పండగకు అడవికెళ్ళారు. జోగన్న, అతని తమ్ముడు బుచ్చన్న, సోములు, ఊరి పెద్దకాపు, జాడ పట్టే ఎర్రయ్య, డప్పు కొట్టే గుర్రయ్య. గుర్రయ్య మావాడే.

మొదటి గుండు దున్న మూపును గీసుకుపోయింది. దున్న తిరిగింది. తిరిగి బుచ్చన్న మీదికొచ్చింది. సోములు మందు పోశాడు, పీచు కూరాడు, గుండు వేశాడు. కర్ర దించి దట్టిస్తున్నాడు. ఇంతలో జోగన్న తుపాకి లాక్కున్నాడు.

"ఆగు బావా, కర్ర లోపలుంది," అన్నాడు సోములు.

జోగన్న ఆగలేదు. వత్తి ముట్టించాడు. కర్ర ఈటెలా ఎగిరి ఎక్కడో పొదల్లో పడింది. దున్న బుచ్చన్నను కుమ్మి, తొక్కి, అడవిలోకి వెళ్ళిపోయింది.

బుచ్చన్న శవాన్ని మోసుకుని ఊళ్ళోకొచ్చారు. పోలమ్మ ఎదురొచ్చి, ఎలా జరిగిందని పెద్దన్నను అడిగింది. జోగన్న నిజమే చెప్పాలనుకున్నాడంటారు. నోరు కూడా తెరిచాడంటారు. చేతులమీద తమ్ముడి నెత్తురింకా ఆరలేదు.

"నీ మొగుడు కర్ర తియ్యడం మరిచాడమ్మా," అన్నాడు.

ఆ మాట అలా ఊళ్ళో నాటుకుపోయింది.

సోములు పోలమ్మకు జరిగింది చెప్పుకున్నాడు. మా అన్న తమ్ముడి శవం మీద అబద్ధమాడతాడా అందామె. సరే, విన్నవాళ్ళున్నారు కదా అని బయల్దేరాడు. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, "సోములు ఆగమన్నాడు, నేను విన్నాను" అంటే చాలు. అతనికి ఇంకేమీ అక్కర్లేదు.

ముందు ఎర్రయ్య దగ్గరికెళ్ళాడు. నేను జాడ చూసేవాణ్ణి, నా కళ్ళు నేలమీదుంటాయి, చెవులు కూడా అక్కడే ఉంటాయి అన్నాడు ఎర్రయ్య.

తరవాత పెద్దకాపు దగ్గరికెళ్ళాడు. పెద్దరికంలో ఉన్నవాడు విన్నవన్నీ విన్నట్టు కాదురా అన్నాడు పెద్దకాపు.

చివరికి మా గుర్రయ్య దగ్గరికొచ్చాడు. గుర్రయ్య గొప్పగా ఆలోచించి, డప్పు మోతలో నాకేం వినపడుతుంది సోములూ అన్నాడు. దున్న తిరగబడగానే డప్పు అక్కడే పారేసి ఆయన చెట్టెక్కాడు. మోత ఎక్కడిదో ఆయనకే తెలియాలి. మా వంశంలో అంత తొందరగా చెట్టెక్కినవాళ్ళు మళ్ళీ పుట్టలేదు. నేను ప్రయత్నించి చూశాను.

ఆనాటినుంచి సోములును వేటకు పిలవలేదు. పోలమ్మ అన్నం పెట్టేది, ముఖం చూసేది కాదు. పక్కనే కూర్చుని తినేది కాదు. అయినా ఏటేటా వేట పండగ ముందు సోములు అడవికెళ్ళి మంచి కర్ర కొట్టుకొచ్చేవాడు. చెక్కి, నునుపు చేసి, నూనె పట్టించేవాడు. జోగన్న గుమ్మంలో ఆనించి వచ్చేవాడు. నన్ను పిలువు బావా అని దానర్థం. జోగన్న పిలవలేదు. కర్ర తిప్పి పంపనూ లేదు. సోములు జుట్టు నెరిసింది. కర్ర మాత్రం ఏ ఏడూ తప్పలేదు.

ఒక వానాకాలం సోములు జ్వరంతో పోయాడు.

ఆ ఊళ్ళో దట్టించేవాడు పోతే అతని పనిముట్లు అతనితోనే గోతిలో పెట్టాలి. పెట్టాల్సింది పెళ్ళాం. పోలమ్మ మందు కొమ్ము పెట్టింది. గుండ్ల తిత్తి పెట్టింది.

"కర్ర ఏది?" అంది.

ఎర్రయ్య నేల చూశాడు.

"కర్ర ఏది? కర్ర లేకుండా ఎలా పంపను?" అంది.

పెద్దకాపు తలపాగా సర్దుకున్నాడు. గుర్రయ్య దగ్గాడు.

"అన్నా, నిన్నే అడుగుతున్నాను. కర్ర ఏది?"

జోగన్న లేచి ఇంటికెళ్ళాడు. తిరిగొచ్చేసరికి భుజాన కట్టెల మోపంత కర్రల కట్ట. అన్నీ చెక్కినవే, అన్నీ నూనె పట్టించినవే. అటక మీద దాచినవి. పొయ్యిలో పెట్టడానికి చేతులు రాలేదు, వాడడానికి ముఖం చెల్లలేదు. కట్టను గోతి పక్కన దించి మోకాళ్ళమీద కూలబడ్డాడు.

"ఆగమన్నాడు చెల్లీ. నేనే లాక్కున్నాను."

అప్పుడు ముగ్గురికీ చెవులొచ్చాయి. నేనూ విన్నాను అన్నాడు ఎర్రయ్య. నేనూ అన్నాడు పెద్దకాపు. నేనూ అన్నాడు మా గుర్రయ్య, అందరికంటే చిన్నగా.

పోలమ్మ ఏడవలేదు, శాపం పెట్టలేదు. పెనిమిటి ముఖం చాలాసేపు చూసింది. అన్నేళ్ళ తరవాత అదే చూడడం.

"నాతో ఎందుకన్నా," అంది. "ఆయన చెవిలో చెప్పు."

జోగన్న గోతిలోకి దిగాడు. వంగి, సోములు చెవిలో చెప్పాడు. మళ్ళీ చెప్పాడు. మళ్ళీ మళ్ళీ చెప్పాడు. ఆ చెవి వినలేదు. వాన మొదలయ్యాక నలుగురు పట్టి పైకి లాగారు.

ఇప్పుడు ఎనుములగొందిలో దున్నలూ లేవు, వేటా లేదు. పాత తుపాకులు తుప్పు పట్టి చూరుల్లో ఉన్నాయి. పండగనాడు మాత్రం దించి, గుండు లేకుండా ఉత్త మందు కూరి ఆకాశంలోకి పేలుస్తారు. పేల్చేవాడు ఎంత గొప్పవాడైనా తుపాకి లాక్కోడు. అరచెయ్యి చాపి, తల వంచి నిలబడతాడు. దట్టించినవాడు కర్ర పైకెత్తి ఊరంతటికీ చూపించి, "కర్ర తీశాను, తీసుకో బావా" అంటాడు. అందాకా డప్పు మోగకూడదు. ఆ డప్పు ఇప్పటికీ మా ఇంటివాళ్ళదే. తక్కినవాళ్ళ తాతలు డప్పు కొట్టి పేరు తెచ్చుకున్నారు. మాకు కొట్టకుండా నిలబడి, చెవులు రిక్కించి వినడమే పని.

ఎవడైనా తప్పు చేసి, ఒప్పుకోవడానికి రేపూ మాపూ అంటూ ఉంటే మావైపు ఒక మాట అంటారు. "ఏరా, సోములు చెవిలో చెబుతావా?"

అంతే. మాట పడినవాడు లేచి, చెప్పాల్సిన ఇంటికి వెళ్తాడు. వెళ్ళనివాళ్ళూ ఉన్నారు. వాళ్ళు తల మాత్రం దించుకుంటారు.