జెట్టీ కింద చలికాలం

తీరానికి కాస్త ఎడంగా, రెండు రాతిగుట్టల నడుమ, ఎప్పుడో మునిగిపోయిన మరబోటు ఒకటి ఉంది. దాని ఇంజను గదిలో అసిరయ్య అనే పాముచేప కాపురం. అసిరయ్యకి ఈదడమంటే ఒళ్ళుమంట. ఆయన లెక్కలో వేటంటే కిటికీలోంచి తల బయటపెట్టి నోరు తెరవడమే. చలికాలమంతా ఆ చుట్టుపక్కలే కానాగంత చేపలు గుంపులుగా తిరిగేవి కాబట్టి ఆ పాటి వేటతోనే ఒళ్ళు చేశాడు.

చిక్కల్లా ఎండాకాలంతోనే. ఒడ్డు నీళ్ళు వెచ్చబడితే కానాగంతలకి ఊపిరి సరిగ్గా ఆడదు. అవి తినే నలుసంతేసి పురుగులు కూడా చల్లదనం వెంటే పోతాయి. అందుకని ఏటా ఎండలు ముదిరే వేళకి గుంపంతా చల్లటి లోతునీళ్ళకి తరలిపోయేది. దారి ఆ రాతిగుట్టల సందులోంచే, అంటే సరిగ్గా అసిరయ్య కిటికీ ముందునుంచే. ప్రయాణం రోజున ఆయనకి విందుభోజనం, మర్నాటినుంచి ఉపవాసం. కిందటేడు ఎంత చిక్కిపోయాడంటే, తలుపు వేసి ఉన్నా సందులోంచి బయటికొచ్చేవాడు. ఈ ఏడు కూడా అలాగే గడిస్తే వానాకాలం మొహం చూడనని ఆయనకి గట్టి భయం పట్టుకుంది.

గుంపుకి పెద్దదిక్కు పోలమ్మ. రోజూ తెల్లారగానే నీళ్ళకి మొప్ప పట్టి చూసేది. చల్లగా తగిలితే ఉండటం, వెచ్చగా తగిలితే ఆ పొద్దే ప్రయాణం. ఆవిడ మొప్పకి గుంపులో ఎదురు లేదు. అంతమందిని ఆపక్కర్లేదు, ఆ ఒక్క మొప్పని చల్లబరిస్తే చాలనుకున్నాడు అసిరయ్య.

చల్లటి నీళ్ళెక్కడున్నాయో ఆయనకి తెలుసు. హార్బరులో బోట్లవాళ్ళు పొద్దున్నే చేపలు దించేసి, పెట్టెల్లో మిగిలిన ఐసుని జెట్టీ పక్కన గుమ్మరిస్తారు. కాసేపు అక్కడ చలికాలమే. గుంపుని అక్కడికి పిలిచి, తను జెట్టీ రాళ్ళ సందులో నక్కితే ఎండాకాలమంతా గుమ్మంలోనే భోజనం.

ఒకరోజు తెల్లారుతూనే పోలమ్మ మొప్ప పట్టి చూసి, "ఎచ్చబడిపోనాది. బయల్దేరండర్రా," అంది.

అసిరయ్య బద్ధకం చంపుకుని ఎదురెళ్ళాడు. "ఏటప్పా, అంత దూరం ఏటికి? గుంపులో సగంమంది గుడ్లతోటి ఉన్నారు. దారిలో ఎవుడో ఒకడు కాసుకోనే ఉంటాడు."

"ఆ ఎవుడో ఒకడు ఎవుడో నాకు తెల్దేటి?" అంది పోలమ్మ. "కిందటేడు నీ కిటికీ కాడ నా సెల్లెల్ని పోగొట్టుకున్నాను."

"అందుకే గదప్పా సెప్తన్నాను. ఈపాలి ఆ దారే వొద్దు. జెట్టీ కింద సల్లటి నీల్లున్నాయి. నా మాట నమ్మకు, నీ మొప్పని నమ్ము."

పోలమ్మ గుంపుని దూరంగా ఉండమని చెప్పి, తనొక్కతే ఆయన వెంట వెళ్ళింది. అప్పుడే ఐసు పడింది. ఆవిడ మొప్ప పట్టింది. కళ్ళు పెద్దవయ్యాయి. అసిరయ్యకి ప్రాణం లేచొచ్చింది. అంతలో ఆవిడ కాస్త కిందికి దిగింది, మళ్ళీ పైకొచ్చింది, మళ్ళీ దిగింది.

"ఏటప్పా, అలా కిందికీ మీదికీ?"

"ఏటీ లేదు తమ్ముడా. సంద్రంలో ఎక్కడైనా మీదన ఎచ్చన, కిందన సల్లన. నీ కాడ మీదన సల్లన, కిందన ఎచ్చన."

"కొత్త రకం నీల్లప్పా."

"ఉప్పు కూడా తక్కువేను."

"ఒంటికి మంచిది."

"అదీ గాక, ఈ నీల్లలో మా పెద్ద మరిది వాసనేస్తంది."

అసిరయ్య నీళ్ళు నమిలాడు. "ఆయనా... నిన్ననే ఇటేపు వొచ్చెళ్ళినాడు."

"ఎలాగొచ్చినాడేటి?"

"బోటు మీద," అనేశాడు అసిరయ్య. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

 పోలమ్మ మొహం నిండా నవ్వింది. "దర్జాగా బోటు మీదొచ్చే సోటంటే మంచిదే అయ్యుంటాది. సరే, మా ఆచారం ఒకటుంది. కొత్త నీల్లలో కాపురం పెట్టే ముందు, పిలిసినోడు ఒక రోజల్లా అందులో కదలకండా కూకోవాలి. రేపు తెల్లారి కూడా బాగుందని నువ్వంటే, పిల్లాజెల్లా అందరం దిగిపోతాం."

పిల్లాజెల్లా అన్న మాటకి అసిరయ్యకి నోరూరింది. చుట్టూ సముద్రం పెట్టుకుని నోరూరించుకున్నాడంటే ఆశ ఎంతటిదో చూడండి. "అలాగే అప్పా," అన్నాడు.

జెట్టీ స్తంభం మీద సన్నాసయ్య అనే ముసలి ఎండ్రకాయ కాపురముండేవాడు. పోలమ్మ ఆయన దగ్గరికెళ్ళి చెవిలో ఏదో చెప్పి, అసిరయ్యకి వినబడేలా, "ఈ మావ ఉండుండి సల్లగుందా అని అడుగుతాడు. జవాబు సెప్తుండు, తమ్ముడా," అని వెళ్ళిపోయింది.

కాస్త పొద్దెక్కింది. ఐసు కరిగి జాడ లేకుండా పోయింది.

"సల్లగుందా అల్లుడా?" అన్నాడు సన్నాసయ్య.

"సల్లగుంది మావా."

మధ్యాహ్నానికి జెట్టీ కింద నీళ్ళు ఎసరులా అయ్యాయి. పైన బోటు నూనె తెట్టు కట్టింది. అసిరయ్యకి మొప్పలు టపటపా కొట్టుకుంటున్నాయి, కళ్ళు తేలేశాయి. లేచిపోతే బేరం చెడుతుంది, ఉంటే ప్రాణం పోయేలా ఉంది. ఆశకి అంతు లేదంటారు కదా, ఉండిపోయాడు.

"సల్లగుందా అల్లుడా?"

"గజగజ వొణికిపోతన్నాను మావా."

ఎలాగో రాత్రి గడిచింది. తెల్లారింది. ఐసు పడుతుందని అసిరయ్య ఆశగా తల పైకెత్తాడు. ఐసు లేదు. బోట్లన్నీ వరసగా కట్టేసి ఉన్నాయి. జెట్టీ మీద మనిషి అలికిడి లేదు.

"మనుసులేరి మావా?"

"వేట బందు. సేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఆపుతారు గదా. ఇంక వానలు పడేదాకా బోటూ లేదు, ఐసూ లేదు."

అసిరయ్య సందులోంచి సగం బయటికొచ్చాడు. "మరి పోలప్ప?"

"ఆళ్ళు నిన్న పొద్దున్నే ఎల్లిపోనారు. నువ్విక్కడ కూకోగానే."

"నిన్ననేనా? ఏ దారినెల్లారు?"

"ఉన్నది ఒకటే దారి గదా, అల్లుడా. నీ కిటికీ ముందునుంచే. ఒక్క గుడ్డు కూడా పోకండా దాటేరంట. ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారని పోలమ్మ తెగ సంబరపడిందంట."

 ఏటా దక్కే ఆ ఒక్క పూట విందు కూడా పోయింది. చివరికి అసిరయ్య, "మరి ఆ ఆచారం?" అన్నాడు.

"ఏ ఆచారం? నా పుట్టుకలో ఇన్లేదు."

"అలాటప్పుడు రోజల్లా నన్నేటికి అడిగినావు?"

"అడగమంది, అడిగినాను. నువ్వు సల్లగుందన్నావు. నానింకేటి సేసేది?"

ఇంటికి ఈదే ఓపిక లేక అసిరయ్య ఆ రాళ్ళ సందులోనే కూలబడ్డాడు. మళ్ళీ మధ్యాహ్నమైంది. నీళ్ళు మళ్ళీ కాగాయి. సన్నాసయ్యకి అడగడం అప్పటికే అలవాటైపోయింది.

"సల్లగుందా అల్లుడా?"

చల్లగా లేదని ఒప్పుకుంటే ఉన్న కాస్త పరువూ పోతుంది. అసిరయ్య కళ్ళు మూసుకుని, "సల్లగానే ఉంది మావా," అన్నాడు.

తాను ఉండలేని నీళ్ళలోకి ఊరందరినీ పిలిచేవాడికి చివరికి ఆ నీళ్ళే మిగులుతాయి.