మబ్బు ముట్టుకోవాలన్న పిల్ల

మా గురువుగారు సన్యాసినాయుడు గారికి పేరులో తప్ప ఎక్కడా సన్యాసం లేదు. ఇల్లూ వాకిలీ, మనవలూ, మోకాళ్ళ నొప్పులూ అన్నీ ఉన్నాయి. అనకాపల్లిలో ఒక పిండిమర మేడమీద ఆదివారం సాయంత్రాలు గీత చెబుతారు. ఆయనకో అలవాటుంది. ఎవరైనా ప్రశ్న అడిగితే అవుననీ చెప్పరు, కాదనీ చెప్పరు. ఎవరింట్లోనో జరిగిన సంగతి ఒకటి ఎత్తుకుంటారు. అది పూర్తయ్యేసరికి అడిగినవాడు తల వంచుకుని కూర్చుంటాడు. ఏళ్ళ తరబడి వింటున్న నాకు కూడా ఒక్కోసారి ఒళ్ళు మండుతుంది, తిన్నగా చెప్పేస్తే ఈయన సొమ్మేం పోయిందని.

ఆ మార్గశిరంలో ఒక ఆదివారం శ్లోకాలు అయ్యాక నూకరాజు లేచి నిలబడ్డాడు. ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో గుమస్తా, మా అందరిలోకీ వయసులో చిన్నవాడు. ఆత్మ గురించో, కర్మ గురించో అడుగుతాడనుకున్నాను.

"గురువుగారూ, వచ్చే శని ఆదివారాలు మా పాపని లంబసింగి తీసుకెళదామనుకున్నానండి. చలికాలం కదా, మంచు చూపిద్దామని. బావమరిది కారిస్తానన్నాడు, తిండి ఇంటి దగ్గర్నుంచే కట్టుకుపోతాం, పెద్దగా ఖర్చవదు. మా ఆవిడేమో వద్దంటోందండి. ఐదేళ్ళ పిల్లకి ఏం గుర్తుంటుంది, ఊరికే జలుబు తెచ్చుకోడం తప్ప, కాస్త పెద్దదయ్యాక పోదాం అంటోంది. అదీ నిజమే అనిపిస్తోంది. మీరేమంటారండి?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకైతే కోపమే వచ్చింది. మోక్షం గురించి అడగాల్సిన చోట ఈ కారు గోలేమిటి! గురువుగారు మాత్రం నవ్వలేదు. ఉడకబెట్టిన వేరుశనక్కాయల పళ్ళెం దగ్గరికి లాక్కుని, "కూర్చో నాయనా," అని దేముడుబాబు సంగతి మొదలుపెట్టారు.

దేముడుబాబు బెల్లం మార్కెట్లో పనిచేస్తాడు. గురువుగారికి వరసకి మేనల్లుడు. భార్య సత్యవేణి, ఒక్కతే కూతురు లాస్య. పిల్లకి అప్పుడు ఐదో ఏడు. ఒకరోజు దేముడుబాబు టీ తాగుతూ, లంబసింగిలో చలికాలం మబ్బులు నేలమీదకి దిగుతాయనీ, చేత్తో ముట్టుకోవచ్చనీ ఊసుపోక అన్నాడు. అంతే! ఆ పూట నుంచి పిల్లకి అదే ధ్యాస. మబ్బు మెత్తగా ఉంటుందా, తడిగా ఉంటుందా? గట్టిగా పట్టుకుంటే దానికి నొప్పెడుతుందా? ఫ్రిజ్ తలుపు తీసి లోపల చెయ్యి పెట్టుకుని నిలబడేదట. ఏం చేస్తున్నావే అంటే, చలికి అలవాటు చేసుకుంటున్నాననేది. తల్లి వీపుమీద ఒక్కటిచ్చి తలుపు మూసేది. గురువుగారు చెబుతుంటే మేమంతా నవ్వాం, నూకరాజు అందరికన్నా ఎక్కువ నవ్వాడు.

దేముడుబాబు జాగ్రత్త గల మనిషి. కొండమీద గది తీసుకుంటే చేతి చమురు వదులుతుందని, నర్సీపట్నంలో తెలిసినవాళ్ళింట్లో రాత్రి పడుకుని తెల్లవారకముందే పైకి వెళ్ళేట్టు అనుకున్నాడు. కారు ఒక స్నేహితుడిని అడిగాడు. పిల్లకి మందపాటి స్వెట్టరు పక్కింటివాళ్ళు ఇచ్చారు. సత్యవేణి పులిహోర కలిపింది, చేగోడీలు వండింది. మెలకువగా ఉంటే ఘాట్ రోడ్డు మలుపుల్లో పిల్ల వాంతులు చేసుకుంటుందని, నిద్రలోనే ఎత్తుకొచ్చి కారులో పడుకోబెట్టాలన్నది కూడా ఆవిడ ఆలోచనే. పడుకునేముందు పిల్ల తల్లి గడ్డం పట్టుకుని, "మబ్బు రాగానే లేపుతావు కదూ?" అని అడిగింది. "లేపుతాలే, పడుకో," అంది తల్లి. ఆ ఏర్పాట్లలో వేలెత్తి చూపడానికి ఏమీ లేదు అన్నారు గురువుగారు, ఒక కాయ ఒలుచుకుంటూ.

వాళ్ళు కొండెక్కేసరికి తెల్లగా కమ్ముకుని ఉంది. కారు ముందు నిలబడ్డ మనిషి ఆనవాలు కూడా తెలియడం లేదు. జనం కేరింతలు కొడుతున్నారు. దేముడుబాబు సంబరంగా దిగి వెనక తలుపు తీశాడు. పిల్ల మంకీ క్యాపు పెట్టుకుని, చెవుల్లో దూదితో, తల్లి ఒళ్ళో తల పెట్టి ఆదమరిచి నిద్రపోతోంది.

"లేపనా?" అన్నాడు.

"మీకేమైనా మతిపోయిందా? అంత నిద్రలో ఉన్న పిల్లని ఎవరైనా లేపుతారా? ఉలిక్కిపడి జడుసుకుంటుంది. ముందు ఆ తలుపు వెయ్యండి, చలిగాలి కొడుతోంది. కాసేపట్లో తనే లేస్తుంది," అంది సత్యవేణి.

మన ఇళ్ళలో సంగతి మీకు తెలియనిదేముంది. అన్నానికైనా సరే, చుట్టాలొచ్చినా సరే, నిద్రపోయే పిల్లని లేపడానికి చేతులు రావు. దేముడుబాబుకీ రాలేదు. పిల్ల మొహం చూస్తే జాలేసింది. వచ్చేపోయే జనం కళ్ళు పడతాయని తల్లి దాని మొహం మీద తువ్వాలు కప్పింది. అద్దాలు పైకెత్తేశారు. మొగుడూ పెళ్ళాలు వంతులు వేసుకున్నారు. ఒకరు పిల్ల దగ్గర కూర్చుంటే ఒకరు వెళ్ళి చూసొచ్చారు. వచ్చినవాళ్ళు కారులో కూర్చుని, పిల్ల లేస్తుందేమోనని గొంతు తగ్గించి, "అబ్బ, ఎంత బాగుందో!" అని చెప్పుకున్నారు.

ఇంతలో ఎండొచ్చింది. పాలమీద మీగడ తీసినట్టు ఆ తెలుపంతా ఒక్కసారిగా తేలిపోయింది. అప్పుడు లేచింది పిల్ల. తువ్వాలు పక్కకి తోసి, అద్దంలోంచి బయటికి చూసింది. టీ కొట్టు, నాలుగు కార్లు, ఎండలో మామూలు కొండ.

"మబ్బొచ్చిందా అమ్మా?"

తల్లి తువ్వాలు మడతపెట్టడం మొదలుపెట్టింది. దేముడుబాబే పైకి చెయ్యి చూపించాడు. "అదిగో తల్లీ, అల్లదిగో."

పిల్ల చూసింది. "అది మనింటి దగ్గర కూడా ఉంది కదా నాన్నా," అంది.

ఏడవలేదు. ఏడిస్తే ఎత్తుకుని సముదాయించి ఉండేవాళ్ళు, వాళ్ళకీ కాస్త బరువు దిగేది. పెట్టిన పులిహోర తింది. ఎందుకు లేపలేదని ఒక్కసారే అడిగింది. మంచి నిద్రలో ఉన్నావమ్మా అంటే, ఊఁ అంది. దేముడుబాబుకి ప్రాణం ఉసూరుమంది. "వచ్చే ఏడు మళ్ళీ వద్దాం. అప్పుడు నీ ఇష్టమొచ్చినంతసేపు ముట్టుకుందువు గాని," అని ఒట్టేశాడు.

గురువుగారు అక్కడ ఆగి మంచినీళ్ళు తాగారు. నూకరాజు ఆగలేకపోయాడు. "పోనీ, మళ్ళీ తీసుకెళ్ళాడాండీ?"

"ఎందుకు తీసుకెళ్ళడూ? వాడు మాట తప్పే మనిషి కాదు," అన్నారు గురువుగారు.

ఈసారి దేముడుబాబు ఖర్చుకి వెనకాడలేదు. కొండమీదే గది తీసుకున్నాడు. తెల్లవారుతుండగా తనే పిల్లని లేపి, మొహం కడిగి, భుజాన ఎత్తుకుని బయటికి తెచ్చాడు. అప్పటికి లాస్య ఒకటో తరగతి. అదృష్టం కొద్దీ పోయినేటికన్నా దట్టంగా పట్టింది. సత్యవేణి కూడా కొంగు నెత్తిన కప్పుకుని పక్కనే నిలబడింది. దేముడుబాబు పిల్లని దింపి, చేతి తొడుగులు తీసేసి, "ముట్టుకో తల్లీ! ఇదిగో నీ మబ్బు!" అన్నాడు. సంతోషంతో వాడి గొంతే మారిపోయిందట.

పిల్ల అటూ ఇటూ చూసింది. "ఇది మబ్బు కాదు నాన్నా, పొగమంచు. మా టీచర్ చెప్పింది. మబ్బులు పైన ఉంటాయి. ముట్టుకోడానికి రావు," అంది.

దేముడుబాబు చాచిన చెయ్యి చాచినట్టే ఉండిపోయింది. పిల్ల తండ్రి మొహం చూసింది. ఏం అర్థమయిందో ఏమో, తనూ చెయ్యి చాపి గాలిలో ఇటూ అటూ ఆడించింది. "సరేలే నాన్నా, మబ్బే అనుకుందాం. చల్లగా బాగుంది," అంది. ఆ తర్వాత, ఇంక గదిలోకి పోదామా అని అడిగింది.

దేముడుబాబు ఊళ్ళోకి రాగానే భార్యనీ పిల్లనీ ఇంటి దగ్గర దింపి, తను లోపలికి కూడా పోకుండా గురువుగారి గుమ్మంలో కూలబడ్డాడు. "అది నన్ను ఊరుకోబెట్టింది మావయ్యా! నా పిల్ల నన్ను ఓదార్చింది!" అని చంటిపిల్లాడిలా ఏడ్చాడు.

మా మేడ కింద పిండిమర తిరుగుతూనే ఉంది. నూకరాజు కళ్ళు తుడుచుకున్నాడు. నెమ్మదిగా, "ఆ తల్లి మంచికే చేసింది కదండీ. మరి తప్పెవరిదండీ?" అన్నాడు.

"తప్పని నేనన్నానా? పిల్లకి జలుబైనా చెయ్యలేదు."

నేనిక పట్టలేకపోయాను. గుండె బరువెక్కితే నాకు కోపమే వస్తుంది, అది నా తత్వం. "తిన్నగా చెప్పండి గురువుగారూ! ఈ కుర్రాణ్ణి ఈ వారం వెళ్ళమంటారా, ఆగమంటారా?"

గురువుగారు వేరుశనగ తొక్కలన్నీ పళ్ళెంలోకి పోగుచేసి, మోకాలి మీద చెయ్యి ఆన్చి మెల్లిగా లేచారు. నా వైపు చూడలేదు. నూకరాజు భుజమ్మీద చెయ్యి వేసి, "చలికాలానికేం నాయనా, ఏటా వస్తుంది," అన్నారు.