జోగన్న సైకిల్ దిగిన గట్టు

నల్లగట్ల అడవిలో ఎలుగుబంట్లు, కృష్ణజింకలు, ముళ్లపందులు, కొండముచ్చులు, ఉడతలు ఉండేవి. వాటన్నిటికీ ఒకటే పిచ్చి, సైకిల్. గిట్టలున్నవాళ్లు పెడల్ ఎలా తొక్కుతారని అడక్కండి. తొక్కేవాళ్లు, అంతే.

ఏటా వానలు తగ్గాక అక్కడ తొమ్మిది గట్ల పందెం జరిగేది. పొద్దు పొడవగానే బయలుదేరి, తొమ్మిది గట్లూ ఎక్కి దిగి, ఏనుగు పెద్ద కూర్చునే బండ దగ్గరకు తిరిగి రావాలి. అందరి వెనకా దున్నపోతు గంగులు బండి లాక్కుంటూ వచ్చేవాడు. దారిలో ఆగిపోయినవాళ్లను ఎక్కించుకురావడం అతని పని. అతని మెడలో ఒక గంట ఉండేది.

ఎలుగుబంటి జోగన్నకు ఆ గంటంటే దడ. అతనికి వయసు మీద పడింది. మూతి మీద బొచ్చు నెరిసింది. మబ్బు పడితే చాలు, ఎడమ మోకాలు సలుపుతుంది. గత రెండేళ్లూ గంగులు బండిలోనే తిరిగొచ్చాడు. మూడోసారి కూడా బండెక్కితే ఇక పందెంలో చోటు లేదని ఏనుగు పెద్ద తేల్చి చెప్పేశాడు. పోనీ తనే మానేద్దామా అంటే, గుహ ముందు కూర్చుని వచ్చేపోయేవాళ్లకు మోకాలి సంగతులు చెప్పుకుంటూ బతకడం జోగన్న వల్ల కాదు.

పందెం రోజు పొద్దున అతనికి కాలు నిలవలేదు. చక్రాలకు గాలి కొట్టాడు. ఎక్కువైందని కాస్త తీశాడు. మళ్లీ కొట్టాడు. కుర్ర జింకల పిక్కలు చూశాడు, తన పిక్కలు చూసుకున్నాడు. ఏనుగు పెద్ద బండ మీద నుంచి నియమాలు చదువుతుంటే ఒక్క ముక్క కూడా చెవికెక్కలేదు.

కొమ్ము ఊదగానే జోగన్న కుర్రాళ్లతో సమానంగా దూసుకుపోయాడు. ముళ్లపంది ఈరమ్మ మాత్రం నింపాదిగా వెనక బయలుదేరింది. ఆమె జోగన్న కంటే రెండేళ్లు పెద్దది. ఎవరి తొందరా ఆమెకు పట్టదు.

మూడు గట్లు దాటేసరికి జింకలు కనుచూపు మేరలో లేవు. నాలుగో గట్టు కింద ఉడతలు అంబలి కుండ పెట్టుకుని, వచ్చినవాళ్లకల్లా ముంచి పోస్తున్నాయి. జోగన్న గొంతు ఎండిపోయింది. ఆగుదామనుకుంటుండగానే వెనక ఎక్కడో గంట మోగింది. దోసిలి పట్టబోయినవాడు చేయి వెనక్కి తీసుకుని పెడల్ తొక్కాడు.

ఐదో గట్టు నిట్టనిలువు. దారికి రెండు పక్కలా చెట్ల మీద కొండముచ్చులు కూర్చుని, సైకిల్ దిగి తోసేవాళ్లను వెక్కిరించడానికే కాచుకుని ఉన్నాయి. జోగన్న పళ్లు బిగబట్టి తొక్కుతున్నాడు. అటు వంకర, ఇటు వంకర. ఎంత తొక్కినా చెట్లు కదలడం లేదు.

పక్కన ఏదో నములుతున్న చప్పుడైంది. చూస్తే ఈరమ్మ. ఒక చేత్తో సైకిల్ తోస్తూ, ఇంకో చేత్తో దుంప పట్టుకుని తింటూ నడుస్తోంది.

"నేను నడుస్తున్నాను, నువ్వు తొక్కుతున్నావు. ఇద్దరం పక్కపక్కనే ఉన్నాం. చూశావా జోగన్నా?" అంది.

జోగన్నకు ఒళ్లు మండింది, అది నిజం కాబట్టి. ఈ కోతిమూక ముందు దిగితే ముసలాడంటారని రొప్పుతూనే చెప్పాడు. దిగకపోయినా అంటూనే ఉన్నారని ఈరమ్మ చెప్పింది. అంతలో గంట మళ్లీ మోగింది. జోగన్న సీటు మీద నుంచి లేచి నిలబడి, ఉన్న బలమంతా పెట్టి తొక్కి ఆమెను దాటిపోయాడు.

ఆ బలం ఏడో గట్టు సగం దాకా వచ్చింది. అక్కడ పిక్క పట్టేసింది. జోగన్న సైకిల్‌తో సహా ముళ్లపొదలో పడ్డాడు. మూతి గీసుకుపోయింది, హ్యాండిల్ పక్కకు తిరిగిపోయింది. లేవబోతే కాలు మాట వినలేదు. అతనికి ఏడుపొచ్చింది.

కాసేపటికి ఈరమ్మ నడుస్తూ వచ్చింది.

"అయిపోయిందక్కా, నువ్వు వెళ్లు. బండి వచ్చేస్తోంది," అన్నాడు జోగన్న.

"వస్తే రానీ. కదిలేవాణ్ణి గంగులు దాటకూడదు. తను వచ్చాక కూడా కదలనివాణ్ణే ఎక్కించుకోవాలి. ఏటా పెద్దాయన చదివేది అదే. నువ్వేమో గాలి కొట్టుకుంటూ ఉంటావు."

జోగన్నకు అప్పుడు తెలిసొచ్చింది. మూడేళ్లుగా తనను దాటడానికి వీల్లేని బండికి భయపడి పరిగెత్తాడు. నీళ్లు తాగలేదు, ఊపిరి తీసుకోలేదు. తన మీద తనకే కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది.

ఈరమ్మ తన సొరబుర్రలో నింపుకొచ్చిన అంబలి అతనికి తాగించి, పిక్క సడలేదాకా నొక్కింది. హ్యాండిల్ సరిచేసింది. ఇంకాసేపు నిలబడితే గంగులు తననూ ఎక్కించుకుంటాడని చెప్పి తన దారిన వెళ్లిపోయింది.

గంట దగ్గరైంది. గంగులు వచ్చి, "గడ్డి మెత్తగా పరిచాను పెద్దయ్యా, ఎక్కు," అన్నాడు. వాడి గొంతులో వెక్కిరింత లేదు. అందుకే మరీ కష్టమైంది. ఆ గడ్డి మీద వాలిపోవాలని జోగన్న ఒళ్లంతా కోరుకుంది. చెట్ల మీద కొండముచ్చులు గుంపు కట్టి చూస్తున్నాయి.

జోగన్న లేచి సైకిల్ లేపాడు. ఎక్కలేదు. తోశాడు. ఒక అడుగు వేశాడు.

కొండముచ్చులు కిచకిచలాడుతూ చప్పట్లు కొట్టాయి. జోగన్న చెవులు వేడెక్కాయి. రెండో అడుగు వేశాడు. వెనక గంట కూడా ఒక్క అడుగే కదిలింది.

ఎక్కుడు వచ్చినప్పుడల్లా దిగి నడిచాడు. దిగుడు వచ్చినప్పుడు సైకిలెక్కి జారాడు. గంట మోగినప్పుడల్లా వీపు జలదరిస్తూనే ఉంది. అయినా అతను వేగం పెంచలేదు. ఎనిమిదో గట్టు అయింది. తొమ్మిదోదీ అయింది.

బండ దగ్గరకు చేరేసరికి విందు ముగిసింది. పెద్దవాళ్లలో మొదట వచ్చినందుకు ఈరమ్మకు పెద్ద పనసపండు బహుమానంగా ఇచ్చారట. ఆమె దాన్ని అందరికీ పంచేసింది కూడా. జోగన్నకు పాయసం కుండలో అడుగున గీక్కునేంతే మిగిలింది. పొద్దున చూపించిన గొప్పకు అదే దక్కింది.

ఏనుగు పెద్ద ఆకు మీద ఆఖరి పేరు రాసి పైకి చదివాడు. "జోగన్న. చేరాడు."

జోగన్న ఆ మాట ఇంకోసారి చదవమని అడిగాడు. పెద్దాయన చదివాడు. కుండ పక్కన పెట్టి, వచ్చే ఏడు పందెం ఎప్పుడని జోగన్న అడిగాడు.

"ముందు కాసేపు కూర్చో నాయనా," అన్నాడు ఏనుగు పెద్ద.

నీతి: తన బలం ఎంతో ఒప్పుకుని ఆగకుండా నడిచేవాడు గమ్యం చేరతాడు, సిగ్గుకూ భయానికీ లొంగి పరిగెత్తేవాడు దారిలోనే పడిపోతాడు.